మే నెలలో నీళ్లెక్కడివి, అక్టోబరులో ఎటు పోతాయి?

ఇల్లు – ఊరు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: అమ్మగారికి నమస్కారం. మాది అనంతపురమే అయినా పదకొండేళ్లుగా బెంగళూరులో ఉంటున్నాము. మావారు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. వారానికి రెండు రోజులు ఆఫీసుకు వెళ్లాలి, మిగిలిన రోజులు ఇంటి నుంచే పని. నేను ఇంట్లోనే పిల్లలకు ట్యూషన్లు చెబుతాను. మాకు ఏడేళ్ల పాప, నాలుగేళ్ల బాబు. మా అత్తగారికి డెబ్బై దాటాయి. మోకాళ్ల నొప్పులు, చక్కెర వ్యాధి ఉన్నాయి. బెంగళూరు బాడుగలు, ట్రాఫిక్కు భరించలేక వచ్చే జూన్‌కు అనంతపురం శివార్లకు మారిపోవాలని నిర్ణయించుకున్నాము. నగరం నడిబొడ్డునే ఉండాలన్న పట్టుదల లేదు. పిల్లలు ఆడుకునే చోటు, నాలుగు చెట్లు, మంచి ఇరుగుపొరుగు ఉంటే చాలు. మూడు చోట్లు చూశాము. మొదటిది రాప్తాడు వైపు హైవే పక్కన కొత్తగా వేసిన వెంచరు. ప్లాటు కొని ఇల్లు కట్టుకోవాలి. రెండోది బుక్కరాయసముద్రంలో ఐదు సెంట్ల స్థలంలో ఉన్న పాత ఇల్లు. అమ్మకానికి పెట్టారు, సొంత బోరు ఉంది. మూడోది రుద్రంపేట బైపాస్‌కు దగ్గరలో బాడుగ ఇల్లు. మా దగ్గర ఉన్న డబ్బు ఒక్కసారి మాత్రమే పెట్టగలము. పిల్లలకూ పెద్దావిడకూ ఏది అనుకూలమో చెప్పగలరు.
– ఒక సోదరి, బెంగళూరు

జవాబు: అమ్మా, మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. చెట్ల గురించి, ఆటస్థలం గురించి, బాడుగ గురించి వివరంగా రాశారు గానీ, నీళ్ల గురించి ఉన్నది "సొంత బోరు ఉంది" అన్న మూడు మాటలే. అనంతపురంలో పుట్టి పెరిగినవారు కూడా పదేళ్లు బయట ఉండి వచ్చేసరికి ఈ సంగతిని ఎందుకో వెనక్కి నెట్టేస్తారు. ఈ ఊళ్లో ఏ శివారు గురించైనా నేను మొదట అడిగే ప్రశ్నలు రెండే: మే నెలలో ఆ వీధికి నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి, అక్టోబరులో ఆ వీధిలో పడిన వాన ఎటు పోతుంది? ఈ రెండింటికీ సరైన జవాబు దొరికిన తరువాతే బడి, ఆసుపత్రి, పార్కు మాట ఎత్తాలని నా అభిప్రాయం.

మొదటి ప్రశ్న మీకు కొత్త కాదు. రెండు రుతుపవనాలకూ మారుమూలన, వర్షచ్ఛాయలో ఉన్న మన ప్రాంతంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప. నగరం కుళాయిలకు వచ్చే నీళ్లు ఇక్కడ పడిన వాన కావు. పెన్న అహోబిలం బ్యాలెన్సింగ్ రిజర్వాయరు, మిడ్ పెన్నార్ జలాశయాల నుంచి వచ్చేవి. వాటిలోకి వచ్చేది తుంగభద్ర ఎగువ కాలువ నీరు. దానికి తోడు 2012 నుంచి శ్రీశైలం వెనుక జలాలను హంద్రీ–నీవా ఎత్తిపోతల ద్వారా మన జిల్లాలోని జీడిపల్లి జలాశయం దాకా తెస్తున్నారు. అంటే ఎక్కడో పడమటి కనుమలలో వాన పడితే ఇక్కడ మన బిందె నిండుతుంది. అంత దూరం నుంచి వచ్చిన నీరు నగరం లోపలి పాత వీధులకు చేరినంత సులువుగా శివార్ల చివరి ఇంటికి చేరదు. కాబట్టి మీరు అడగవలసినది "కుళాయి ఉందా" అని కాదు. ఎన్ని రోజులకొకసారి వదులుతారు, ఏ వేళ వదులుతారు, మోటారు పెట్టకుండా సంపులోకి ఎక్కుతుందా, కిందటి ఏప్రిల్, మే నెలల్లో ఎన్ని ట్యాంకర్లు తెప్పించుకున్నారు అని. ఈ ప్రశ్నలు ఇంటి యజమానిని అడగవద్దు, అమ్మేవాడిని అసలే అడగవద్దు. ఎదురింటి వాకిట్లో గిన్నెలు తోముకుంటున్న ఇల్లాలిని అడగండి. వీధిలో ట్యాంకరు కనబడితే దాని డ్రైవరును అడగండి. ఏ వీధికి ఏ నెలలో ఎన్ని ట్రిప్పులు వేశాడో ఆ మనిషికి నోటికి వచ్చి ఉంటుంది.

రెండో ప్రశ్న వినగానే చాలామంది నవ్వుతారు. కరువు సీమలో వరద భయమా అని. 2022 అక్టోబరులో నడిమి వంక అనే వాగు పొంగి నగరంలోని కాలనీలు నీట మునిగిన తరువాత ఆ నవ్వు తగ్గింది. మన నేల తీరు గుర్తుందిగదా: ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండి గట్టిపడి ఉంటుంది, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఒక్కసారి కుండపోతగా కురిస్తే ఇంకదు, జారిపోతుంది. ఎగువన చెరువులన్నీ ఒకదాని తరువాత ఒకటి నిండి మరువ, అంటే అలుగు, పారడం మొదలైతే ఆ నీరంతా వంకలలోకి దిగుతుంది. నగరం గుండా పోయే నడిమి వంకకూ మరువ వంకకూ ఒకప్పుడు ఉన్న వెడల్పు ఇప్పుడు లేదు. గట్ల దాకా, కొన్నిచోట్ల గట్ల మీదకు కూడా ఇళ్లు వచ్చేశాయి. పది పన్నెండేళ్లు చుక్క నీరు లేని వంకను చూసి అది దారి అనుకున్నవారు ఉన్నారు, చెత్త కుప్ప అనుకున్నవారు ఉన్నారు.

ఈ విషయంలో నేను ఇతరులకు పాఠం చెప్పే అర్హత సంపాదించుకున్నది నా తెలివితక్కువతనంతోనే. పాతికేళ్ల కిందట మేము ఇల్లు కట్టుకోవడానికి ఒక శివారులో నాలుగు సెంట్లు కొన్నాము. చదునైన నేల, చుట్టూ తుమ్మచెట్లు, ధర తక్కువ. అమ్మిన పెద్దమనిషి "ఇక్కడ నీళ్లకు కొదవ లేదమ్మా, ఎక్కడ తవ్వినా పడతాయి" అన్నాడు. ఆయన అబద్ధం చెప్పలేదు. అది ఒకప్పటి కుంట. పునాదులు తీసిన ఏడాదే వానలు బాగా పడి గుంతల నిండా నీరు నిలిచింది, కప్పలు పాడాయి, కడప రాయి బండలు తెచ్చి ఎత్తు లేపేసరికి ఇంటికి దాచిన డబ్బులో మూడోవంతు నేలలోకి పోయింది. చదునైన నేల, తుమ్మచెట్లు, తక్కువ ధర – ఈ మూడూ ఒకేచోట కనబడితే ఆ సర్వే నంబరు పాత రికార్డులో ఏమని ఉందో చూడకుండా బయానా ఇవ్వవద్దని నేను ఇప్పుడు అడిగినవారికీ అడగనివారికీ చెబుతుంటాను.

ఇక మీ మూడు చోట్ల విషయం. రాప్తాడు వెంచరుతో మొదలుపెడతాను, ఎందుకంటే దాని గురించి నా మాట సూటిగా ఉంటుంది: ఇప్పుడు వద్దు. రాప్తాడు నగరానికి దూరమేమీ కాదు, 44వ నంబరు జాతీయ రహదారి మీద బెంగళూరు వైపు మొదట వచ్చే మండల కేంద్రమే. పాత ఊరు ఊరుగానే ఉంది, అక్కడ ఇల్లు దొరికితే నేను వేరే మాట చెప్పేదాన్ని. కానీ మీరు చూసినది ఊరు కాదు, వెంచరు. ముఖద్వారం, రెండు వరుసల కొబ్బరి మొక్కలు, తారు వేసిన రోడ్లు, వాటి మధ్య ఖాళీ ప్లాట్లు. సాయంకాలం ఆరున్నరకు ఒకసారి అక్కడికి వెళ్లి ఎన్ని ఇళ్లలో దీపం వెలుగుతోందో, ఎన్ని మిద్దెల మీద బట్టలు ఆరవేశారో లెక్కపెట్టండి. పిల్లలకు కావలసినది పార్కు కన్నా ముందు తోటి పిల్లలు. ఏడేళ్ల పాప ఉయ్యాల దగ్గర ఒంటరిగా నిలబడితే ఆ ఉయ్యాల ఎందుకు? మీవారు బెంగళూరులో ఉన్న రాత్రి పెద్దావిడకు చక్కెర పడిపోతే పిలిస్తే పలికే ఇల్లు ఎంత దూరంలో ఉంది? ఖాళీ ప్లాట్లలో పెరిగే కంపచెట్లలో పాములు తిరుగుతాయన్నది భయపెట్టడానికి చెబుతున్న మాట కాదు. ఆషాఢం గాలి సంగతి మీకు తెలిసిందే. అడ్డం లేని మైదానంలో ఆ గాలికి రోజుకు రెండుసార్లు ఇల్లు ఊడ్చినా దుమ్ము దుమ్ముగానే ఉంటుంది. అయిదేళ్ల తరువాత అక్కడ వంద ఇళ్లు రావచ్చు, ధరా పెరగవచ్చు. పెట్టుబడిగా అది వేరే లెక్క. మీరు అడిగినది కాపురం గురించి.

బుక్కరాయసముద్రం మాట వేరు. అది వెంచరు కాదు, శతాబ్దాల ఊరు. విజయనగర కాలంలో చిక్కప్ప ఒడెయరు కట్టించిన చెరువుకు ఈ కొసన బుక్కరాయసముద్రం, ఆ కొసన అనంతసాగరం వెలిశాయనీ, ఆ రెండోదే మన అనంతపురం అయిందనీ పెద్దలు చెప్పుకుంటారు. తెగబోయిన కట్టను నిలపడానికి ప్రాణమిచ్చిన ముసలమ్మ కథ ఈ చెరువుదే. మీ అత్తగారికి నా కన్నా బాగా తెలిసి ఉంటుంది, పిల్లలకు ఆవిడ చేత చెప్పించండి. మండల కేంద్రం కాబట్టి కార్యాలయాలు, అంగళ్లు, బడులు, పొద్దస్తమానం నగరానికి ఆటోలు, తాడిపత్రి వైపు పోయే బస్సులు ఉన్నాయి. జంతులూరు దగ్గర కేంద్రీయ విశ్వవిద్యాలయం రావడంతో ఆ వైపు కొత్త కదలిక కూడా మొదలైంది. ఇరుగుపొరుగు విషయంలో మీ మూడింటిలో ఇదే మేలు.

అయితే ఆ ఇంటికి ముందు రెండు సంగతులు తేలాలి. బోరు ఉందన్నారు; ఎన్ని అడుగులు, ఏ సంవత్సరం వేశారు, మే నెలలో ఎంతసేపు ఆగకుండా పోస్తుంది? మన జిల్లాలో రాతి పగుళ్లలో నిలిచిన నీటిని బోరు తోడుతుంది. పక్కన ఇంకొకరు లోతుగా వేస్తే మీది ఎండిపోవచ్చు. పంప్‌సెట్టు గంటసేపు వేసి చూడమని మేస్త్రీలు చెబుతారు, అది చాలదు. వేసవిలో ఉదయం రెండు గంటలు, సాయంకాలం మళ్లీ రెండు గంటలు వేసి చూడాలి. బోరుకు తోడు పంచాయతీ కుళాయి కూడా ఉన్న ఇల్లయితేనే దానిని లెక్కలోకి తీసుకోండి. రెండవది, ఆ ఇల్లు చెరువుకు ఏ దిక్కున ఉంది? కట్ట దిగువ ఆయకట్టు నేలలో ఉందా, ఎత్తు మీది పాత ఊళ్లో ఉందా? పాతకాలపు వారు ఊరిని ఎత్తు మీద, పొలాన్ని పల్లంలో పెట్టారు. ఇప్పుడు పొలాలలోకి ఇళ్లు దిగుతున్నాయి. పాత ఇల్లు అన్నారు కాబట్టి ఊరిలోనే ఉంటుందని ఆశిస్తున్నాను. గోడలకు నేల నుంచి అడుగు, అడుగున్నర ఎత్తున ఒకే గీతగా పాలిపోయిన మరక, కొత్తగా సున్నం కొట్టినా కింది భాగం పెళ్లలూడుతూ ఉండటం, పక్కిళ్లవారంతా గడపలు ఎత్తు పెంచుకుని ఉండటం – ఇవి కనబడితే ఎంత చవకైనా వెనక్కి రండి.

ఇవన్నీ బాగున్నా ఈ జూన్‌లో కొనవద్దనే అంటాను. ఒక్కసారే పెట్టగల డబ్బు కాబట్టి, ఒక మే నెలా ఒక అక్టోబరూ కళ్లారా చూసిన తరువాతే పెట్టండి. అందాకా మూడోదైన బాడుగ ఇల్లే మీకు తగినది, కొన్ని షరతులతో.

రుద్రంపేట వైపు నగరానికి దగ్గర. ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి, కమలానగర్, సాయినగర్ల వైపు ఉన్న డాక్టర్ల దగ్గరకు ఆటోలో తొందరగా చేరుకోవచ్చు. గ్రామీణాభివృద్ధి సంస్థ, అదే మనం ఆర్డీటీ అనుకునే సంస్థ బత్తలపల్లిలో నడిపే ఆసుపత్రికి వెళ్లాలన్నా కదిరి రోడ్డు పట్టుకుంటే సరిపోతుంది. కానీ 2022లో నీళ్లు వచ్చిన కాలనీలు ఈ చుట్టుపక్కల కూడా ఉన్నాయి. వీధి వీధికీ తేడా ఉంటుంది. ఒక వీధి మునిగితే దాని పైవీధి తడవకుండా ఉంటుంది. కాబట్టి "ఈ కాలనీకి వరద వచ్చిందా" అని అడగవద్దు, ఎవరూ ఒప్పుకోరు. "అప్పుడు మీరు ఎక్కడ తలదాచుకున్నారు, ఎన్ని రోజులకు తిరిగి వచ్చారు" అని అడగండి. జవాబు దానంతటదే వస్తుంది. పెద్దావిడ మోకాళ్ల కోసం కింది అంతస్తు కావాలి, నీటి భయం వల్ల పైఅంతస్తు మేలు అనిపిస్తుంది. పైది వేసవిలో కొలిమి. నలభై దాటిన ఎండలో నేరుగా మిద్దె కింద పడుకోవడం డెబ్బై దాటిన మనిషికి శిక్ష. మూడడుగుల పీఠం మీద కట్టిన కింది ఇల్లు, మెట్ల పక్కన పట్టుకోవడానికి కమ్మీ ఉన్నది వెతకండి. పడమటి గోడకు వేపచెట్టో ఎదురు మేడో నీడగా ఉంటే మరీ మంచిది. బైపాస్‌ను ఆనుకున్న మొదటి వరుస ఇళ్లు వద్దు; లారీల హారను రాత్రంతా వినిపిస్తుంది. కక్కలపల్లి దిక్కున చూస్తే టమాటా మార్కెట్ హడావిడి ఎంత దాకా వస్తుందో సీజనులో ఒకసారి చూసుకోండి. రైతుకు అది పండుగ, పసిపిల్లలను బడికి దించే తల్లికి కాదు.

బడి గురించి ఒక్క మాట. చాలామంది ఇల్లు ముందు చూసుకుని ఆ తరువాత బడిని వెతుకుతారు, మీరు తిరగవేయండి. మన రాష్ట్రంలో సాధారణంగా జూన్ 12న బడులు తెరుస్తారు కాబట్టి ఏప్రిల్‌లోపే పాపకు సీటు ఖాయం చేసుకుని, ఆ బడి నుంచి పిల్లల వ్యాను పావుగంటలో చేరే దూరంలో ఇల్లు చూడండి. నాలుగేళ్ల బాబుకు ఇంకా పేరున్న సంస్థ అక్కరలేదు, నడిచి పోగలిగే చిన్న బడి చాలు. బెంగళూరులో పాపకు రెండో భాష కన్నడమై ఉంటే తెలుగు అక్షరాలు ఈ వేసవిలోనే ఇంట్లో దిద్దించండి. ట్యూషన్లు చెప్పే తల్లికి ఇది చెప్పనక్కరలేదు. ఆటల విషయంలో మాత్రం మన ఊరు ధనవంతురాలు. ఆర్డీటీ వారి క్రీడా గ్రామం ఉన్న నగరం ఇది. 2024లో దులీప్ ట్రోఫీ మ్యాచులు అక్కడే ఆడారు. మీ పిల్లలకు ఆట మీద ఇష్టం ఉంటే వారానికి రెండు సాయంకాలాలు అక్కడికి తీసుకువెళ్లడం, ఇంటి పక్కన పేరుకు మాత్రమే ఉన్న పార్కు కన్నా ఎక్కువ ఉపయోగం.

మీవారి ప్రయాణం గురించి మీరు ఏమీ అడగలేదు గానీ, రాప్తాడు వెంచరును చూడటానికి హైవే పక్కన ఉండటమే కారణమని ఊహిస్తున్నాను. బెంగళూరు దాదాపు 210 కిలోమీటర్లు. వారం వారం అంత దూరం కారు తోలడం ఆరు నెలలకే విసుగు పుట్టిస్తుంది. 2023 సెప్టెంబరు నుంచి కాచిగూడ–యశ్వంతపూర్ వందే భారత్ అనంతపురంలో ఆగుతోంది, మామూలు రైళ్లు ఎటూ ఉన్నాయి. ఆఫీసు రోజులు రెండూ వరుసగా పెట్టించుకుని, ఒక రాత్రి అక్కడ ఆగి వచ్చేస్తే చాలు. అప్పుడు ఇల్లు స్టేషనుకు దగ్గరగా ఉండటం లాభం గానీ హైవేకు కాదు.

పదకొండు నెలల ఒప్పందం రాయించుకుని మారండి. వచ్చే అక్టోబరులో పెద్ద వాన పడిన మరునాడు బుక్కరాయసముద్రంలోని ఆ ఇంటికి వెళ్లి చూడండి. అప్పటికి ఎవరైనా కొనేసి ఉంటే బాధపడవద్దు. ఆ ఊళ్లో అమ్మకానికి వచ్చే పాత ఇల్లు అదొక్కటే కాదు.

ప్రశ్న: మేము అనంతపురానికి దగ్గరలోని పల్లెలో ఇల్లు కొన్నాము. బోరు నీళ్లు తేటగా, తియ్యగా ఉన్నాయి. అయినా ఆ ఊరి పిల్లల పళ్ల మీద గోధుమరంగు చారలు చూసి మా ఆవిడ భయపడుతోంది. నీళ్లు కాచి తాగితే సరిపోతుందా?
– ఒక పాఠకుడు, ధర్మవరం

జవాబు: సరిపోదు, ఇంకా చెరుపు చేస్తుంది. ఆ చారలు ఫ్లోరైడు వల్ల వచ్చేవి కావచ్చు. కాచినప్పుడు నీరు ఆవిరై పోతుంది, ఫ్లోరైడు మాత్రం గిన్నెలోనే మిగిలి చిక్కబడుతుంది. రుచితో, రంగుతో దానిని కనిపెట్టలేము. తేటగా ఉన్నాయన్న మాటకు ఇక్కడ విలువ లేదు. తాగే నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండటం మంచిదనీ, వేరే ఆధారం లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకు ఒప్పుకోవచ్చనీ భారతీయ ప్రమాణాల సంస్థ నిర్ణయించింది. శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో ఒక లీటరు పట్టి గ్రామీణ నీటి సరఫరా శాఖ పరీక్షా కేంద్రంలో ఇవ్వండి. బోరు కొత్తదైనా పాతదైనా వేసవిలో ఒకసారి, వానల తరువాత ఒకసారి పరీక్ష చేయించడం మేలు.

మీ ఆవిడ భయంలో న్యాయం ఉంది. శాశ్వత దంతాల పింగాణీ పొర ఏర్పడేది ఎనిమిదేళ్ల లోపే, ఆ వయసు పిల్లలు తాగిన నీటి గుర్తు జీవితాంతం పళ్ల మీద ఉంటుంది. పెద్దవాళ్ల పళ్లు మారవు గానీ, ఫ్లోరైడు ఎక్కువగా ఉన్న నీరు ఏళ్ల తరబడి తాగితే కీళ్లూ ఎముకలూ బిగుసుకుపోతాయి. ఆ ఊరికి జలాశయం నీరు కుళాయి ద్వారా వస్తుంటే తాగడానికీ వండడానికీ అదే వాడండి. 1990ల మధ్యలో పుట్టపర్తి సత్యసాయి ట్రస్టు ఏడువందలకు పైగా గ్రామాలకు తాగునీటి పథకం చేపట్టడానికి కారణం ఈ బోరు నీళ్ల కష్టమే. మీ ఊరు అలాంటి పథకంలో ఉందో లేదో పంచాయతీ కార్యదర్శి చెబుతారు. లేకపోతే ఆర్‌ఓ యంత్రం పెట్టుకోవాలి, లేదా క్యాను నీళ్లు తెచ్చుకోవాలి. క్యాను నీళ్లు కొంటూ సంగటికీ పప్పుకూ మాత్రం బోరు నీళ్లు పోసే ఇళ్లు చాలా చూశాను. వంటలో పోసినదీ కడుపులోకే పోతుందిగదా. స్నానానికి, బట్టలకు, చెట్లకు ఆ బోరు నిక్షేపంగా వాడుకోండి.

ప్రశ్న: అనంతపురం శివారులో ప్లాటు చూశాము. "అన్ని అప్రూవల్సూ ఉన్నాయి, బ్యాంకు లోను కూడా ఇస్తుంది" అంటున్నారు. మేము ప్రత్యేకంగా చూడవలసిన కాగితాలు ఏమిటి?
– ఒక దంపతులు, గుంతకల్లు

జవాబు: "అన్నీ ఉన్నాయి" అన్నవారిని ఒక్కొక్కటిగా చూపమనండి. లేఅవుట్‌కు అనంతపురం–హిందూపురం పట్టణాభివృద్ధి సంస్థ, అంటే అహుడా, లేదా పట్టణ ప్రణాళికా శాఖ ఇచ్చిన ఎల్‌పీ నంబరు, అంటే లేఅవుట్ అనుమతి నంబరు ఉండాలి. 500 చదరపు మీటర్లకు మించిన నేలలో ప్లాట్లు వేసి అమ్ముతుంటే 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం, అంటే రెరా కింద నమోదు కావాలి. ఆ నంబరు కరపత్రం మీద ఉండటం కాదు, రెరా వెబ్‌సైటులో మీరే కొట్టి చూడాలి. రిజిస్ట్రేషను శాఖ నుంచి కనీసం ముప్పై ఏళ్లకు ఈసీ, అంటే ఆ స్థలం మీద జరిగిన అమ్మకాలు, తాకట్టులు చూపే పత్రం తీసుకుని, అందులోని ప్రతి లావాదేవీకి లింకు డాక్యుమెంటు, అంటే అప్పటి దస్తావేజు ఉందో లేదో సరిపోల్చండి. ఆ సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషను చేయకూడని నేలల జాబితాలో లేదని తేల్చుకోండి. బ్యాంకు లోను ఇవ్వడం అంటే మీరు అప్పు తీర్చగలరని బ్యాంకు నమ్మిందని అర్థం. స్థలం మంచిదని అది మీకు పూచీ పడినట్లు కాదు.

వీటిని వకీలు ఎలాగూ చూస్తారు. వకీళ్లు కూడా సాధారణంగా వదిలేసేది ఒకటుంది, నా అనుభవం వల్ల దానినే నొక్కి చెబుతాను. రెవెన్యూ కార్యాలయంలో ఆర్‌ఎస్‌ఆర్ అనీ, పాతవాళ్ల మాటలో డైగ్లాట్ అనీ ఒక రిజిస్టరు ఉంటుంది. మీరు కొనే సర్వే నంబరు, దాని చుట్టూ ఉన్న నాలుగు నంబర్లు అందులో ఏమని రాసి ఉన్నాయో నకలు తీసుకోండి. పట్టా అని ఉంటే సరే. చెరువు, కుంట, వంక పోరంబోకు అని ఉంటే అంతటితో మాట ముగించండి. పక్క నంబరు అలా ఉన్నా ఎంత దూరమో కొలిపించాలి: పది హెక్టార్లకు తక్కువ కాని చెరువైతే పూర్తి నీటిమట్టం గీత నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న కుంటకు 9 మీటర్లు కట్టడాలు లేకుండా వదలాలని రాష్ట్ర భవన నిర్మాణ నియమాలు చెబుతున్నాయి. లేఅవుట్‌లో ఖాళీ స్థలంగా వదలవలసిన పదోవంతు నేలను నక్షాలో చూసి, ఆ తరువాత అక్కడికి నడిచి వెళ్లండి. నక్షాలో పార్కు అని ఉన్నచోట నేల మీద గుడి ప్రహరీయో అమ్మిన ప్లాటుకు వేసిన కంచెయో కనబడవచ్చు. అన్నింటికన్నా చవకైన పరీక్ష, ఊళ్లోని ఒక ముసలి గొర్రెల కాపరికి టీ ఇప్పించి "ఈ నేలను ఏమనేవాళ్లు" అని అడగడం. "ఫలానా కుంట" అని ఆయన నోటి నుంచి వస్తే ఇక రిజిస్టరు అక్కరలేదు.

ప్రశ్న: కర్నూలు పాత ఊళ్లో ఉంటున్నాము. 2009 వరద చూసినవాళ్లం కాబట్టి హంద్రీ దాటి కల్లూరు వైపు మారాలనుకుంటున్నాము. మీరు చెప్పే రెండు ప్రశ్నలు మాకూ వర్తిస్తాయా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, కర్నూలు

జవాబు: రెండోది మీకు ఇంకా ఎక్కువగా వర్తిస్తుందండీ. 2009 అక్టోబరు తొలి రోజుల్లో మీ ఊరి మీదికి తుంగభద్ర ఒక్కటే రాలేదు, హంద్రీ కూడా పొంగింది. పాత ఊరిని వదిలి నది దాటినంత మాత్రాన నీటికి దూరమైనట్లు కాదు; కల్లూరు కూడా హంద్రీ ఒడ్డునే పెరిగిన ఊరు. ఒడ్డు నుంచి వెనక్కి, నంద్యాల రోడ్డు వైపు నేల లేస్తున్న దిక్కున చూడండి. చూసే ప్రతి ఇంటి దగ్గరా ఆ రోజు నీళ్లు ఎంత దాకా వచ్చాయో చూపించమని అడగండి. ఆ ఏడాది అక్కడ ఉన్నవారు ఎవరైనా గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు. మొదటి ప్రశ్న విషయంలో మీరు మా కన్నా అదృష్టవంతులు, పక్కనే నది ఉంది. అయినా ఏప్రిల్‌లో ఆ వీధికి కుళాయి ఎన్ని రోజులకొకసారి వస్తుందో అడగడం మానవద్దు.